టోకెన్ మిషనూ, నా నలభై స్లైడులూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదని నా గట్టి నమ్మకం. చదువు ముగిసి ఆరు నెలలు కాలేదు. యూనివర్సిటీ శిక్షణ విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం, తార్నాకలో హాస్టల్ గది, మెడలో ఐడీ కార్డు (నిద్రపోయేటప్పుడు మాత్రం తీసేదాన్ని). క్యాంపస్ మెస్‌లో కొత్తగా టోకెన్ మిషన్ పెట్టారు. అక్కడ పనిచేసే పద్నాలుగు మందికీ దాన్ని నేర్పాలి. "ఏ పద్ధతిలో నేర్పితే బాగుంటుందో పోల్చి రిపోర్టు రాయమ్మా. నీ కాంట్రాక్టు పొడిగించే సంగతి శిక్షణ చూశాక ఆలోచిద్దాం" అన్నారు మా సార్. ఆ 'ఆలోచిద్దాం' విన్నాక నాకు తిండి సయించలేదు.

రెండు పద్ధతులు తీసుకున్నాను. మొదటిది 'యాడీ': నేర్చుకునేవాళ్ళకు ఏం వచ్చో ముందు విచారించి, పాఠం రూపొందించి, తయారుచేసి, చెప్పి, చివర్లో ఫలితం చూడటం. అన్నీ వరసగా, పెళ్ళి తంతులాగా. రెండోది 'శామ్': కొంచెం తయారుచేసి చూపించి, తిట్లు తిని, దిద్దుకుని మళ్ళీ చూపించడం. తిట్లు తినడం నాలాంటి మర్యాదస్థురాలికి నప్పదని నలభై స్లైడుల రిపోర్టులో మొదటిదాన్నే గెలిపించాను. ఇక విచారణ కోసం తలా ముప్పై రెండు ప్రశ్నలున్న పద్నాలుగు కాగితాలు పట్టుకెళ్ళి మెస్ సూపర్‌వైజర్‌కి ఇచ్చాను. "వీళ్ళకు రాసేంత టైమ్ యాడుంటది మేడమ్? నేనే నింపుతా తియ్" అని పద్నాలుగూ ఆయనే నింపేశాడు. అన్నిట్లోనూ 'ఏమీ రాదు' అనే ఉంది. అంత ఐకమత్యం చూసి మురిసిపోయాను.

శిక్షణ మెస్‌లోనే, టోకెన్ కౌంటర్ ముందు. ఆ రోజు సార్ వెనక వరసలో కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని, "ఇది స్విచ్. నొక్కితే మిషన్ ఆన్ అవుతుంది" అన్నాను. కూరలు వండే పెద్దక్క లేచింది.

"బిడ్డా, గీ మిషన్ వచ్చి రెండు నెలలాయె. దినాం మేమే నడిపిస్తున్నం. నడుమ కాయితం ఇరుక్కుంటది, పిల్లల లైన్ గేటు దాంక పోతది. గదెట్ల తియ్యాలె? గదొక్కటి చెప్పు."

(రెండు నెలలు! నేనింకా పోలుస్తూనే ఉన్నాను.) ఆ మిషన్‌ను ముట్టుకోవడమే నాకది మొదటిసారి. మూత లాగితే ఊడి చేతికొచ్చింది. "అట్ల గాదు, ఇటు తిప్పు" అని ఒకరు, "గుంజకు, చినుగుతది" అని ఇంకొకరు. నేనొకటి చేయడం, వాళ్ళు తిట్టడం, మళ్ళీ చేయడం. నాలుగోసారికి, టోకెన్‌ను వంకరగా చింపితే ఆ అంచే లోపల చిక్కుకుంటోందని పెద్దక్క కనిపెట్టింది. స్లైడుల్లో నేను ఓడించిన పద్ధతి నా కళ్ళముందే గెలిచింది.

"రిపోర్టులో ఈ పద్ధతినే కదమ్మా నువ్వు పనికిరాదన్నావు?" అన్నారు సార్.

"అవును సార్" అన్నాను, నేల చూస్తూ. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను, ఏడుపొచ్చింది.

"ఇంకో ఆరు నెలలు ఉండు. మొదటి వారం మాత్రం ఈ కౌంటర్లోనే."

సాయంత్రం అమ్మ ఫోన్ చేసి, "ట్రైనింగ్ ఎలా అయ్యిందే? అందరూ నేర్చుకున్నారా?" అంది. "నేర్చుకోవాల్సినవాళ్ళు నేర్చుకున్నారమ్మా" అన్నాను.

ఇప్పుడు నన్ను సీనియర్ అంటున్నారు. ఆ నలభై స్లైడుల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. అంత ధీమా మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు.