పుష్పవతి కొన్న రూటర్

పుష్పవతి భయస్తురాలని అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో తెలియనివాళ్ళు లేరు. గ్యాసు కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనిషి. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఒక చెవి రోడ్డు మీదే పడేసి ఉంచుతుంది. పక్కింటి కాళమ్మ ఆవిడను ఆటపట్టించేది. "ఏటక్కా, సంద్రం మీదకి ఎల్లేది నా మొగుడు, గుండె దడ నీకా?" అని. కాళమ్మ మొగుడు జోగులు వేటకు వెళ్ళే మనిషి.

నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. పుష్పవతి భయానికి కారణం ఇంట్లోనే ఉంది. పేరు దేవప్రసాద్, ఆవిడ భర్త. దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఇంజన్ రూము పని చేసి రిటైరయ్యాడు. చెవి ఆనించి ఇంజన్‌కి ఏ జబ్బు చేసిందో చెప్పేవాడట. అలాంటివాడికి మతిమరుపు పట్టుకుంది. మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మరిచాడు, తర్వాత మనుషుల పేర్లు మరిచాడు, ఆ తర్వాత పొద్దుటికీ సాయంత్రానికీ తేడా మరిచాడు. మరవనిది ఒక్క జెట్టీ దారే. ఉన్నట్టుండి చొక్కా వేసుకుని, గుండీలు ఒకటి కిందికీ ఒకటి మీదికీ పెట్టుకుని, సముద్రం వైపు నడిచేవాడు. పాపం, ఓడ డ్యూటీకి బయలుదేరాడని అందరూ అనుకున్నారు. పుష్పవతీ అదే అనుకుంది.

పుష్పవతిది పోర్ట్ బ్లెయిర్‌లో ఒక చిన్నపిల్లల బడిలో ఆయా పని. రోజూ ఫెర్రీ ఎక్కి హార్బరు దాటాలి. ఊళ్ళోవాళ్ళ పిల్లలు గేటు దాటకుండా చూడడం ఆవిడ ఉద్యోగం, ఇంట్లో మనిషి గడప దాటకుండా చూసే దిక్కు మాత్రం లేదు. మానేద్దామంటే ఇల్లు గడవదు. ఒకరోజు బయట తాళం వేసి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తలుపు బాది బాది ఆయన చేతులు పూరీల్లా పొంగి ఉన్నాయి. ఆ చేతులకు నూనె రాస్తూ ఏడ్చింది. ఇంకెప్పుడూ తాళం వేయనని దేవుడికి మాటిచ్చింది.

అప్పుడొచ్చింది ఆ తలుపు పరికరం. తలుపుకు వేలెడంత ముక్క, పక్కనే గోడ ప్లగ్గులో ఒక డబ్బా. తలుపు తెరిస్తే డబ్బా ఇంట్లోని వైఫై ద్వారా కబురు పంపుతుంది, ఎక్కడున్నా ఫోన్ మోగుతుంది. తలుపు మూసి ఉంటే ఫోన్‌లో పచ్చ చుక్క, తెరిచి ఉంటే ఎర్ర చుక్క. నెట్ లైను వేసినవాళ్ళు ఇచ్చిన పాత రూటర్ ఎలాగూ ఉంది, దానికే తగిలించారు. ఎర్ర చుక్క పడగానే పుష్పవతి కాళమ్మకు ఫోన్ చేసేది, కాళమ్మ వెళ్ళి ఆయన్ను మాటల్లో పెట్టి లోపల కూర్చోబెట్టేది.

పుష్పవతి ప్రాణం కాస్త కుదుటపడింది. అన్నం వేడిగా ఉండగానే తినడం మొదలుపెట్టింది. పిల్లలు పడుకున్నాక తనూ ఒక కునుకు తీసేది. "ఈ మధ్య నీ మొహంలో కళ వచ్చింది దీదీ," అన్నారు తోటి ఆయాలు. నిజమే, భయం తగ్గింది. ఆ తగ్గడమే కొంప ముంచబోయింది.

ఆ రోజు ఉదయం నుంచీ వాన. ఎప్పుడు ఫోన్ చూసినా పచ్చ చుక్కే. ఆయన నిద్రపోయి ఉంటాడనుకుని సంతోషపడింది. సాయంత్రం ఇటువైపు ఫెర్రీ ఎక్కే చాథం జెట్టీ దగ్గర అరటిపళ్ళు బేరమాడి కొనుక్కుని, ఫెర్రీలో కిటికీ పక్కన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఫెర్రీ బాంబూఫ్లాట్‌కు దగ్గరపడుతుంటే జెట్టీ మెట్ల దగ్గర జనం గుంపుగా కనిపించారు. ఎవరికో ఏదో అయిందనుకుంది. ఇంకాస్త దగ్గరికి వచ్చాక గుంపులో కాళమ్మ కనిపించింది. కాళమ్మ ఎవరి చొక్కానో రెండు చేతులా గట్టిగా పట్టుకుని ఉంది. నిలువునా తడిసిన ఆ మనిషి దేవప్రసాద్.

పుష్పవతి పైప్రాణాలు పైనే పోయాయి. ఫెర్రీ ఆగకముందే దిగబోతే ఎవరో రెక్క పట్టుకుని ఆపారు.

"మెట్ల మీంచి జారిపోనాడక్కా," అంది కాళమ్మ చొక్కా వదలకుండా. "నీళ్ళలో ములిగి తేలుతన్నాడు. నా మొగుడు అప్పుడే పడవ కడతన్నాడు కాబట్టి సరిపోయింది. నేకపోతే ఏటయ్యేదో, నాను సెప్పలేను."

పుష్పవతి ఫోన్ తీసింది. పచ్చ చుక్క. మొగుడు ఎదురుగా చలికి గజగజలాడుతున్నాడు, చుక్క మాత్రం పచ్చగా నవ్వుతోంది. సముద్రాన్ని చూసి కలిగిన భయం ఒక ఎత్తు, ఆ చుక్కను చూసి కలిగిన భయం ఒక ఎత్తు. ఇన్నాళ్ళూ తాను దీన్ని నమ్మే అన్నం తిన్నది.

మర్నాడు సెలవు పెట్టి, భర్తను కాళమ్మకు అప్పగించి, పోర్ట్ బ్లెయిర్ బజారులో వాసుదేవ్ కొట్టుకు వెళ్ళింది. తలుపు పరికరం అమ్మింది ఆయనే. విషయం విని వాసుదేవ్ కూడా బెంబేలెత్తాడు. ఫోన్ తిప్పి తిప్పి చూశాడు.

"దీదీ, డబ్బాది తప్పు లేదు. రూటర్ రెండు రకాల సిగ్నల్ ఇస్తుంది, ఒకటి ఫాస్ట్, ఒకటి స్లో. ఇలాంటి చిన్న డబ్బాలకు స్లోదే పట్టుకోవడం వస్తుంది. మీ పాత రూటర్ రెండిటికీ ఒకటే పేరు పెట్టి గడ్‌బడ్ చేస్తోంది. నిన్న వానకు కరెంట్ పోయి వచ్చిందన్నారు కదా, అప్పుడు టీవీ కలిసింది, డబ్బా కలవలేదు. ఫోన్‌లో ఉన్నది అంతకుముందు వచ్చిన కబురు."

"అంటే పొద్దుటి కబురే సాయంత్రం దాకా చూశానా భయ్యా?"

"హా దీదీ."

పుష్పవతి స్టూలు మీద కూలబడింది. వాసుదేవ్ ఆవిడకు ధైర్యం చెబుదామని అద్దాల బీరువాలోంచి ఆరు కొమ్ముల రూటర్ ఒకటి దించాడు. "ఇది దేఖియే. టాప్ మోడల్. మేడ మీద కూడా ఫుల్ స్పీడ్."

"స్పీడు నేనేం చేసుకోను? మాకు మేడే లేదు."

"మరేం కావాలి దీదీ?"

"ఇది చచ్చిపోతే నాకు తెలియాలి."

వాసుదేవ్ కొమ్ముల రూటర్‌ను పక్కనపెట్టి, కంటికి ఆనని ఒక మామూలు రూటర్ తెచ్చాడు. ఇందులో స్లో సిగ్నల్‌కి వేరే పేరు పెట్టుకోవచ్చు, డబ్బా దాన్ని వదిలిపోదు. కరెంట్ పోతే రెండిటినీ నడిపే చిన్న బ్యాటరీ కలిపి ఇచ్చాడు. డబ్బా నుంచి కబురు ఆగిపోతే చుక్క బూడిదరంగుకు మారి ఫోన్ మోగాలి. ఆ అలర్ట్ ముందునుంచీ ఉందట, ఎవరూ ఆన్ చేయలేదు.

"ఇక్కడే పెట్టి చూపించు," అంది పుష్పవతి. చూపించాడు. "ఇప్పుడు పీకెయ్." పీకేశాడు. ఇద్దరూ ఫోన్ కేసి చూస్తూ కూర్చున్నారు. చుక్క పచ్చగానే ఉండేసరికి ఆవిడ స్టూలు ముందుకు జరుపుకుంది. కొంతసేపటికి బూడిదరంగు వచ్చి ఫోన్ గోలపెట్టింది. "మళ్ళీ," అంది. కొట్లో వేరే గిరాకీ ఎదురుచూస్తున్నా వాసుదేవ్ మళ్ళీ చేశాడు. మూడోసారి అడగడానికి సిగ్గుపడింది గానీ అడిగింది.

కొత్త రూటర్ వచ్చాక పరికరం బుద్ధిగా పనిచేసింది. పుష్పవతి మాత్రం కునుకు తీయడం మానేసింది. చుక్క పచ్చగా ఉన్నా మధ్యలో ఒకసారి కాళమ్మకు ఫోన్ చేసి, "కంటితో చూసి చెప్పు తల్లీ," అని బతిమాలేది.

ఒక మధ్యాహ్నం పిల్లలు నిద్రపోతుండగా ఫోన్ మోగింది. ఎర్ర చుక్క. కాళమ్మ చేపల బుట్ట వదిలేసి పరిగెత్తింది.

"ఉన్నాడక్కా, గుమ్మంలోనే ఉన్నాడు. గొడుగట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మంతే రానంతన్నాడు. నువ్వే మాటాడు," అని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ఏమండీ, ఎక్కడికి బయలుదేరారు? డ్యూటీ లేదు కదండీ మీకు."

"డ్యూటీ ఏంటమ్మా? నేను రిటైరయ్యాను," అన్నాడు దేవప్రసాద్, మర్యాదగా, ముక్కూమొహం తెలియని ఆడమనిషితో మాట్లాడినట్టు. "మా ఆవిడ ఫెర్రీలో వస్తుంది. వానలో తడిసిపోతుంది. తీసుకొద్దామని."

ఆయన ఇన్నాళ్ళూ వెళ్ళింది ఓడ కోసం కాదు. ఆ రోజు నీళ్ళలో పడింది కూడా తన కోసమే. రేపు ఉదయం మళ్ళీ తను ఫెర్రీ ఎక్కాలి, ఆయన మళ్ళీ బయలుదేరతాడు. పిల్లలు లేస్తారని పుష్పవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆవిడ నాకు తెలుసండీ," అంది చివరికి. "ఇవాళ ఆలస్యమవుతుందట. వాన తగ్గాక తనే వస్తుందట. మిమ్మల్ని లోపల కూర్చోమని చెప్పమంది."

"అలాగా," అన్నాడాయన. "సరేనమ్మా, కూర్చుంటాను. తలుపు మాత్రం వేయను. తను వచ్చేసరికి మూసి ఉంటే భయపడుతుంది."

కాళమ్మ ఎంత చెప్పినా ఆయన తలుపు మూయనివ్వలేదట. పిల్లలు లేచారు, పాలు తాగారు, తల్లులు వచ్చి తీసుకెళ్ళారు. పుష్పవతి పిల్లల చేతులు తల్లులకు అందిస్తూ, బూట్లు తొడుగుతూ, ఆయన లోపలున్నాడో వెళ్ళిపోయాడో చెప్పలేని ఆ ఎర్ర చుక్కను చూస్తూనే ఉంది.