మంగకాయల సంచి

జూలూరుపాడు అవతల అడవి అంచున ఉంటుంది కన్నమ్మ వాళ్ళ గూడెం. ఆమె పెనిమిటి బొజ్జయ్య మత్స్య సంఘం కుంటకు పదకొండేళ్ళుగా కావలి. ఎవరి బర్రె బురదలో దిగబడినా పిలవకముందే దిగి తోలుకొచ్చే మనిషి. శ్రావణంలో ముత్యాలమ్మ పండుగ అయిన మూడోనాటి పొద్దున, ఆ కుంటలో బొచ్చె చేపలు తెల్లటి పొట్టలు పైకి చూపి తేలాయి.

కన్నమ్మ అరవలేదు. ఇంట్లోకి పోయి చూరుకు వేలాడుతున్న మంగకాయల సంచిని దించి కట్టెల మోపు కింద దాచింది. మంగకాయ దంచి మడుగులో కలిపితే చేప మత్తెక్కి తేలుతుందని గూడెంలో పసిపిల్లలకూ ఎరుకే. మొన్ననే బొజ్జయ్య ఆ కాయలు ఏరుకొచ్చాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. పోయిన వారం సంఘం పెద్ద వెంకటనారాయణ నలుగురిలో ఆయన్ను "కునికే కావలోడు" అన్నాడు. ఆ మాట మనసులో పెట్టుకున్నాడా?

"మొకం గట్లున్నదేందే? నీళ్ళు తాగు," అని బొజ్జయ్య చెంబు అందించాడు. ఇరవై ఏళ్ళ సంసారంలో మొదటిసారి ఆమె ఆ చేతుల వంక అనుమానంగా చూసింది.

కట్ట మీద జనం మూగారు.

"మందు పడ్డది. అడవి మందు ఎరిగిన చెయ్యే కలిపింది," అన్నాడు వెంకటనారాయణ, బొజ్జయ్య వైపు చూడకుండానే చూస్తూ. "అదెవరో తేలకుంటే రేపటి సంది కావలికి వేరేటోడు వస్తడు."

"నా చేతి మేత తిన్నయవి. నేనెందుకు సంపుత?" అన్నాడు బొజ్జయ్య. కన్నమ్మ తల వంచుకుంది.

అప్పుడే ఆమె అన్న కూతురు భవాని కుంట దగ్గరికి వచ్చింది. చేపల పెంపకం మీద డిగ్రీ చదువుతూ పండుగకని వచ్చిన పిల్ల.

"మా తాత ఏ కాలేజీల చదివి చేపలు పట్టిండు?" అని నవ్వాడు వలలేసే కోటేష్. "మామను తప్పించనీకి వచ్చినవా బిడ్డా?"

"నన్ను నమ్మకు బాబాయ్, చేపల్ని చూడు." చచ్చినవాటిని ఒడ్డున వరసగా పేర్చింది. అన్నీ మూరెడువే. "ఏలెడు పిల్ల ఒక్కటన్న ఉన్నదా? మందు పడితే పిల్లలే ముందు పోతయ్. అగో, కొర్రమట్టలు తిరుగుతనే ఉన్నయ్. అవి పైకొచ్చి మన లెక్క గాలి పీలుస్తయ్. నీళ్ళల్ల గాలి తక్కువైంది. పెద్ద చేపకు గాలి ఎక్కువ కావాలె, అందుకే ముందుగాల పోయింది."

"ఆ గాలిని ఎవడెత్తుకపోయిండు?" అన్నాడు కోటేష్.

భవాని మోకాలిలోతు దిగి పిడికెడు బురద తీసింది. పులిసిన వాసన. అందులో తెల్లటి మెతుకులు.

"మూడొద్దులాయె, ఎండ లేదు. ఎండ లేకుంటే నీళ్ళల్ల పాచి గాలి పుట్టియ్యది. దానికి తోడు గింత అన్నం కుళ్ళింది. కుళ్ళేది గాలినంత గుంజుకుంటది."

"పోసింది కూడ కావలోడేనేమో," అన్నాడు వెంకటనారాయణ.

కన్నమ్మ ఆ మెతుకులను గుర్తుపట్టింది. పండుగనాడు మిగిలిన అమ్మవారి అన్నం తొక్కుడు పడొద్దని, నోరులేని జీవాలు తింటాయని, ఎనిమిది గంపలు మోసుకొచ్చి దండం పెట్టి మరీ పోసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆమె పేరు ఎవరూ ఎత్తరు.

"పోసింది నేను," అంది.

పక్కింటి ఆదెమ్మ ముందుకొచ్చి, "గంపలు నెత్తికెత్తింది నేనేనాయె. అంటే ఇద్దర్నీ అనుండ్రి," అని కన్నమ్మ పక్కన నిలబడింది.

వెంకటనారాయణ తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "మొక్కి పోసిన అన్నానికి ఏమంటం? బొజ్జయ్యా, తొందరపడ్డ. కావలి నీదే." భవాని వైపు తిరిగాడు. "ఉన్నయన్న బతుకుతయా బిడ్డా?"

"ఇంజన్ పెట్టి కుంట నీళ్ళు కుంటలకే ఎగజిమ్మాలె, గాలి కలుస్తది. జల్దీ."

ఇంజన్ మోసుకొచ్చింది కోటేషే. మధ్యాహ్నానికి మిగిలిన చేపలు మూతులు పైకెత్తడం మాని అడుక్కి పోయాయి. కోటేష్ భవానికి చాయ్ తెచ్చి ఇచ్చాడు. కాలేజీ మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి బొజ్జయ్య చూరు వైపు చూశాడు. "మంగకాయల సంచి ఏదే? విత్తనం జొన్నలల్ల కలపాలె, లేకుంటే పురుగు పడ్తది."

కన్నమ్మ కట్టెల మోపు జరిపి సంచి తెచ్చిచ్చింది. దానికి అంటుకున్న చెత్తను ఆయన చూశాడు. ఆమెనూ చూశాడు. పీట లాగి ఆమె ముందు వేసి, సగం కాయలు ఆమె ఒడిలో పోశాడు.