మూడో మెట్టు

మా బట్టల దుకాణం బీదర్‌లో చౌబారా బురుజుకు దగ్గర్లో ఉండేది. దానికి నాలుగు మెట్లు. బేరం కుదరక, కొనడానికొచ్చిన గిరాకీ లేచిందంటే మా నాన్న తల ఎత్తేవాడు కాదు. విప్పిన చీరను మెల్లగా మడత పెడుతూ, చెవులు మాత్రం మెట్ల మీద పెట్టేవాడు. మొదటి మెట్టు దిగితే అది కోపం, రెండో మెట్టు దిగితే నాటకం. మూడో మెట్టు మీద మనిషి ఒక్క క్షణం ఆగుతాడు, అప్పుడు పిలవాలి. ముందే పిలిస్తే లాభం పోతుంది, ఆలస్యం చేస్తే గిరాకీయే పోతుంది.

ఈ విద్య నాకు అక్షరాలకంటే ముందు అబ్బింది. అమ్మతో బజారుకు వెళ్ళి రెండో వైపు కూడా నేర్చుకున్నాను. వస్తువు ఎంత కావాలనిపిస్తే అంత గట్టిగా వద్దని లేవాలి. పదేళ్ళకే నేను గాజుల దుకాణం నుంచి లేచిపోతే, దుకాణదారు వీధి మలుపు దాకా వెంట వచ్చి పిలిచేవాడు. ఇంట్లో అందరూ మెచ్చుకునేవారు. చదువులో అంత మెప్పు ఎప్పుడూ రాలేదు.

ఆ చదువే ఎలాగో గట్టెక్కి, చివరికి బీదర్ ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌నయ్యాను. విడిపోతున్న భార్యాభర్తలను కూర్చోబెట్టి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో వాళ్ళే తేల్చుకునేలా చేయడం నా పని. మా చిన్నాన్న విని నవ్వాడు. "బట్టలు కొలిచి ఇచ్చే పిల్ల, ఇగ పిల్లలను కొలిచి ఇస్తదన్నట్టు." నేనూ నవ్వాను. ఆ మాటకు అప్పుడే కొంచెం భయపడి ఉండాల్సింది.

మాకిచ్చిన గదిలో ఒక బల్ల, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. తలుపు గొళ్ళెం చెడి చాలా కాలమైంది, ఎవరూ బాగు చేయించలేదు. గుమ్మానికి ఒక పచ్చ కర్టెన్ వేలాడదీశారు. అది నేలకు జానెడు ఎత్తున ఆగిపోతుంది. బయట ఎవరు నిలబడినా లోపలికి వాళ్ళ పాదాలు కనిపిస్తాయి.

ఆ వానాకాలం నా ముందుకు వచ్చిన జంటలో అతనిది హుమ్నాబాద్. హైవే మీద టైర్ల దుకాణం. ఆమె పుట్టిల్లు జహీరాబాద్ వైపు. బీదర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు, అక్కడికి దగ్గర్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. వాళ్ళకు ఏడేళ్ళ కూతురు. విడిపోయి ఏడాదైంది, పాప ఆ ఏడాదంతా తండ్రి దగ్గర, నానమ్మ చేతుల్లో ఉంది. తల్లికి కావలసింది ఒక్కటే, పాప తన దగ్గరికి రావడం.

మా పద్ధతిలో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం. విడిగా చెప్పిన మాట విడిగానే ఉండాలి. ఒకరిది ఇంకొకరికి చేరకూడదు. ఈ పనికి పునాది ఇదే.

అతను విడిగా కూర్చున్నప్పుడు చాలాసేపు టైర్ల గురించే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒకటి చెప్త మేడం, ఆమెకు చెప్పకుండ్రి. మా అమ్మకు కండ్లు సక్కగ కానొస్తలేవు. పాప ఒక కాలికి ఎర్రది, ఒక కాలికి నీలంది, రెండు తీర్ల చెప్పులేసుకోని బడికి పోతాంది. నేను పొద్దుగాల్నే దుకాణం తెరవకుంటే లారీలోల్లు ఊకుంటరా?"

"మరి తల్లి దగ్గరికి పంపొచ్చు గదయ్యా?"

"ఎట్ల పంపుత? ఆమె గెలిచింది, నేను ఓడిన అంటరు మావోల్లంత."

నాకు అర్థమైపోయింది. ఇతనికి సరుకు అక్కర్లేదు. ఓడిపోకుండా ఉంటే చాలు.

ఆమె విడిగా కూర్చున్నప్పుడు మొదటి నిమిషంలోనే చేతిలో ఉన్నదంతా బల్ల మీద పెట్టేసింది. "ఎంత తగ్గమంటే అంత తగ్గుత అక్కా. నా బిడ్డ నాకొస్తె సాలు." ఇలాంటి గిరాకీని చూస్తే ఏ దుకాణదారుకైనా ధర పెంచబుద్ధవుతుంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టినప్పుడల్లా అతనూ పెంచుతూ వచ్చాడు. నెలకొక్క ఆదివారం చూస్తే చాలన్నాడు. ఆమె తగ్గింది. కోర్టు ఆవరణలోనే చూడాలన్నాడు. దానికీ తగ్గింది. చివరికి ఉద్యోగం మానాలన్నాడు.

ఆ తర్వాత ఆమెతో మళ్ళీ విడిగా మాట్లాడినప్పుడు నా లోపలి దుకాణం పిల్ల లేచి కూర్చుంది.

"ఇట్ల బతిమాలితే రాదమ్మా," అన్నాను. "ఈసారి కూర్చున్నప్పుడు, సరే నీ దగ్గరే ఉంచుకో అని లేచిపో."

ఆమె నా ముఖంలోకి చూసింది. "అయ్యో, అట్లెట్ల అక్కా? నిజంగనే ఉంచుకుంటె?"

"ఉంచుకోడు."

"మీకెట్ల ఎర్క?"

"నాకు తెలుసు. తలుపు దాకా పో. వెనక్కి చూడకు."

అతను నమ్మి చెప్పిన మాటను నేనామెకు చెప్పలేదు. ఆ రోజు ఇంటికి పోతూ దాన్నే నాకు నేను నాలుగుసార్లు చెప్పుకున్నాను. మాట చేర్చలేదు, దాని అర్థం మాత్రం చేర్చాను. దొంగ సరుకు అమ్మలేదు, ఏ ఇంట్లో ఉందో చూపించానంతే అన్నట్టు.

తర్వాతి వారం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. పాప నానమ్మతో కింది వరండాలో బెంచీ మీద ఉంది. నేనే కిందికి వెళ్ళి ఒక బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి వచ్చాను. బయట ముసురు. అతను తన పాట మొదలుపెట్టాడు.

"రాత్రి డ్యూటీలకు పోయేటామె పిల్లను ఎట్ల సూస్తది మేడం? పేషంట్లకు సూదులు గుచ్చుడు వేరు, పిల్లకు జడ ఏసుడు వేరు."

"నువ్వేసిన జడ సూసిన తియ్యి," అంది ఆమె. "పాపిడి పాము పోయినట్టు పోతాంది."

అతని మీసం కింద నవ్వు కదిలి ఆగిపోయింది. మంచి బేరం అలాంటి చోటే కుదురుతుంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె బ్యాగు తీసుకుని లేచింది.

"సరే. నీ తాన్నే ఉంచుకో. నాకొద్దు."

"నాకొద్దు" అన్నది నేను నేర్పింది కాదు. ఆమె సొంతంగా కలిపింది. శిష్యురాలు గురువును మించింది అనుకున్నాను. తల ఎత్తకుండా కాగితాలు సర్దుతూ, మా నాన్న చీర మడత పెట్టినట్టే, ఆమె అడుగులు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

"ఆగు," అన్నాడు అతను. తర్వాత చాలా మెల్లగా, "కూసో. ఏం గావాల్నో చెప్పు."

నాకు కలిగిన సంతోషాన్ని దాచుకుని లాభం లేదు. గాజుల దుకాణదారు వీధి మలుపు దాకా పరుగెత్తుకొచ్చినప్పటి సంతోషమే అది. తల ఎత్తాను. ఆమె గుమ్మం ముందు ఆగిపోయి ఉంది. ఆగింది భర్త పిలిచినందుకు కాదు. కర్టెన్ కింద జానెడు సందులో రెండు చిన్న చెప్పులు కనిపిస్తున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలంది.

ప్యాకెట్ ఎక్కడ చింపాలో నానమ్మకు కనిపించలేదట. ఎవరితోనైనా చింపించుకుందామని పాప పైకి వచ్చింది.

తల్లి కర్టెన్ తీసి మోకాళ్ళ మీద కూర్చుంది. "బిడ్డా, నేను ఉత్తగనే అన్ననే. నాయిన ఒప్పుకోవాల్నని అట్లన్న. నువ్వు నాకు కావాలె."

పాప ఆమెను కాసేపు పరీక్షగా చూసింది. అచ్చం మా దుకాణంలో రంగు వెలుస్తుందా అని గుడ్డను వెలుతురుకు పట్టి చూసేవాళ్ళలా.

"మరి ఇప్పుడన్నది?" అని అడిగింది.

"ఏందిరా?"

"ఇప్పుడన్నది గూడ ఉత్తగనేనా?"

తండ్రి లేచి పాప చేతిలోని ప్యాకెట్ తీసుకుని, పళ్ళతో చింపి ఇచ్చాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇదంత మీరు నేర్పిందేనా మేడం?"

"బేరంలో... అంటే, మాటల్లో ఎవరు ఏమంటారో..." అని నసిగాను.

"మీకు చెప్పిన మాట మీ తాన్నే ఉంటదనుకున్న," అన్నాడు. అప్పుడే లేచిపోవచ్చు, మొత్తం తిరగదోడొచ్చు. పాప ముఖం చూసి కూర్చున్నాడు. సంతకం పెట్టాడు. పాప తల్లి దగ్గర, ఆదివారాలు తండ్రి దగ్గర. అతను పెంచినవన్నీ పోయాయి, ఆమె అడిగిందంతా దక్కింది. నా లెక్కలో అంత మంచి ఒప్పందం అంతకుముందు కుదరలేదు.

జడ్జిగారు పాపను దగ్గరికి పిలిచి, ఎవరితో ఉంటావని కన్నడంలో అడిగారు. ఎవరు ఉంచుకుంటే వాళ్ళతో అని పాప బడి కన్నడంలో చక్కగా చెప్పింది. తెలివైన పిల్ల, ఇద్దరినీ నొప్పించలేదని ఆయన ముచ్చటపడ్డారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పడానికి నాకు చాలా సమయం ఉంది. చెప్పలేదు. చెప్తే ఒప్పందం పోతుంది, తల్లికి బిడ్డ పోతుంది అని అప్పుడు అనుకున్నాను. నా ఉద్యోగం పోతుందని కూడా అనుకున్నాను. ఏది ముందు అనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు.

ఆ తర్వాత దుకాణాల్లో బేరాలు మానేశానని రాసుకుంటే బాగుంటుంది. మానలేదు. మొన్ననే కుక్కర్ బేరంలో లేచి వచ్చాను, మూడో అడుగుకు దుకాణదారు పిలిచాడు. అలవాటు సిగ్గుకంటే గట్టిది.

మూడు నెలలకు వాళ్ళను మళ్ళీ పిలిచాం. పాప కొత్త ఇంట్లో ఎలా ఉందో చూసి రిపోర్టు రాయాలి. తల్లి చిక్కిపోయింది. పాప కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి, రెండూ ఒకే రంగు, పట్టీలు బిగించి ఉన్నాయి.

"ఇంట్ల గూడ ఇడ్వది అక్కా," అంది తల్లి. "పండుకునేటప్పుడు గూడ కాళ్ళకుండాల్సిందే. నిద్రవోయినంక తీస్త, లేవంగనే మల్ల ఏసుకుంటది. నేను నీళ్ళకు లేస్తె లేస్తది. డ్యూటీకి పోయేటప్పుడు పక్కింటామె తాన ఇడిస్తె, నేనొచ్చేదాక గుమ్మంలనే కూసుంటదంట. ఏడ్వది. ఏడిస్తె బాగుండు."

"ఆదివారాలు నాన్న దగ్గరికి పోతుందా?"

"పోతది. ఆడ గూడ ఇట్లనేనంట."

పాపతో విడిగా మాట్లాడాలి, అది మా నియమం. "అయిదు నిమిషాలు బయట కూర్చోమ్మా," అన్నాను తల్లితో.

ఆమె లేచింది. పాపా లేచింది. నేల మీద పెట్టిన బడి సంచీ తీసి రెండు భుజాలకూ తగిలించుకుంది. తల్లి వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. కర్టెన్ వైపు తిరిగి నిలబడింది, ఎటు పంపితే అటు పోవడానికి. తల్లి ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది.

"వద్దమ్మా, కూర్చో," అన్నాను.

ఇద్దరూ కూర్చున్నారు. పాప సంచీ దించలేదు. ఏం తిన్నావు, బడిలో ఎవరి పక్కన కూర్చుంటావు అని తల్లి ముందే నాలుగు మాటలు అడిగాను. అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పింది. రిపోర్టులో, బిడ్డతో విడిగా మాట్లాడారా అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను.