పత్తి గదిలో దెయ్యం గొంతు

ఆ రోజుల్లో మనుషుల్ని భయపెట్టడమంత తేలికైన పని లోకంలో మరొకటి లేదని నాకు గట్టి నమ్మకం. చీకటి, కిర్రుమనే తలుపు, ఆ తలుపు వెనక నుంచి ఎవరో రావడం, ఇంతే కదా అనుకునేదాన్ని. నిజంగా భయపడాల్సిన సంగతులేవీ ఇంకా ఎదురుకాని వయసులో ఉండే ధీమా అది. ఇంజనీరింగు పూర్తయింది, ఉద్యోగం రాలేదు. సత్తెనపల్లికి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న మా ఊళ్ళో, డాబా మీది గదిలో, నేనూ నా కాలేజీ స్నేహితురాలూ కూర్చుని కంప్యూటర్లో ఒక దెయ్యం ఆట తయారుచేస్తున్నాం. (మా నాన్న దాన్ని "ఆ బొమ్మల పని" అనేవాడు. మిర్చి కోతలు అయ్యేలోగా అది పూర్తి కాకపోతే గుంటూరు వెళ్ళి బ్యాంకు పరీక్షల కోచింగులో చేరాలన్నది ఇంట్లో కుదిరిన ఒప్పందం.) స్నేహితురాల్ని అందరం తూనీగ అని పిలిచేవాళ్ళం. ఒకచోట నిలవదు, నోట్లో మాట అసలే నిలవదు. బొమ్మలు గీయడం తన పని, ఆటను నడిపించే ప్రోగ్రాము రాయడం నా పని.

మా ఆట ఇప్పటి ఆటల్లాంటిది కాదు. మేం పుట్టిన కాలంలో టీవీకి తగిలించి ఆడే పెట్టెల్లో వచ్చిన తొలినాటి భయం ఆటలంటే మా ఇద్దరికీ పిచ్చి. తూనీగ వాళ్ళ అన్నయ్య దగ్గర అలాంటి పాత పెట్టె ఒకటి ఉండేది. ఆ ఆటల్లో మనుషులు అట్టముక్కలు అతికించినట్టు పలకలు పలకలుగా ఉంటారు, చేతులకు వేళ్ళుండవు. కెమెరా గది మూలలో బల్లిలా అతుక్కుపోయి కదలదు. వెనక్కి తిరగమంటే కథానాయిక ఇరుకు సందులో ఆర్టీసీ బస్సు మలుపు తిరిగినట్టు తిరుగుతుంది, ఈలోగా దెయ్యం రానే వస్తుంది. తూటాలు తక్కువ, దాక్కునే చోట్లు తక్కువ. ఆ లేమిలోనే భయమంతా ఉందని మా సిద్ధాంతం. మేం అదే పద్ధతిలో, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో చిక్కుకుపోయిన ఒక అమ్మాయి కథ అల్లాం. అన్ని వైపులా మిర్చి కుక్కిన టిక్కీ బస్తాలు, ఎముకలు కొరికే చలి. పరిగెత్తితే ఘాటు లేచి దగ్గు వస్తుంది, దగ్గితే దెయ్యానికి వినబడుతుంది. అన్నీ బాగానే కుదిరాయి గానీ దెయ్యానికి గొంతు కుదరలేదు. తూనీగ అరిస్తే కూరగాయల బండి వచ్చిందనుకుని మా అమ్మ సంచీ పట్టుకుని వీధిలోకి వెళ్ళింది. నేను మూలిగితే కడుపునొప్పి అనుకుని వాము తెచ్చి పెట్టింది.

ఇక్కడ మా పెదనాన్న గురించి చెప్పాలి. మా నాన్నకు అన్న, ఒకే ప్రహరీలో పక్క వాటా. మా ఊరి చర్చిలో ఏళ్ళ తరబడి పాట ఎత్తుకున్నది ఆయనే. ఆదివారం పొద్దున ఆయన మొదటి చరణం అందుకుంటే పొలం గట్టు మీద నడిచే వాళ్ళు కూడా ఆగేవారని మా అమ్మ అంటుంది. అలాంటి మనిషికి గొంతులో పుండు వచ్చింది. ఆస్పత్రిలో ప్రాణం దక్కించారు, స్వరపేటిక తీసేశారు. మెడ కింద ఊపిరికి ఒక రంధ్రం మిగిలింది. మాట్లాడ్డానికి చిన్న టార్చిలైటంత యంత్రం ఇచ్చారు. దాన్ని దవడ కింద ఆనించి బొత్తాం నొక్కి పెదాలు కదిలిస్తే, తేనెటీగల తుట్టె మాట్లాడినట్టు మాట వస్తుంది. ఇంటికి వచ్చాక ఒక పెళ్ళిలో ఆయన దాంతో వధూవరుల్ని దీవించబోతే, చిన్నపిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు, పెద్దవాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ యంత్రం ఆ రోజే బీరువాలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయనకు చప్పట్లే భాష. టీ కావాలంటే చప్పట్లు, గేటు దగ్గర ఎవరో వచ్చారంటే చప్పట్లు. మిగతా మాటలన్నీ పెద్దమ్మే ఆయన తరఫున మాట్లాడేది, ఆయన ఒప్పుకునేవీ ఒప్పుకోనివీ కలిపి. చర్చిలో వెనక వరసలో గోడకానుకుని కూర్చునేవాడు. పాట మొదలైతే తల వంచుకునేవాడు.

ఒక మధ్యాహ్నం మజ్జిగ కోసం వాళ్ళ వాటాకు వెళ్ళాను. పెద్దమ్మ మిరపకాయలు బూజు పట్టకుండా తిరగేయడానికి కళ్ళం దగ్గరకు పోయింది. గేదెల కొట్టంలోంచి ఒక గొంతు వినిపించింది. మనిషిది కాదు, జంతువుది కాదు. "నీకేంటే... బాగానే ఉన్నావు... గడ్డి తిను... తిను..." తొంగిచూస్తే పెదనాన్న. యంత్రం దవడ కింద పెట్టుకుని గేదెతో కబుర్లు చెబుతున్నాడు. గేదె నెమరు ఆపలేదు, నవ్వలేదు, దాక్కోలేదు. అందుకే దాన్ని ఎంచుకున్నాడని నాకు వెంటనే అర్థమైంది. గుండె చివుక్కుమంది. ఆ చివుక్కుమన్న క్షణంలోనే "మా దెయ్యం గొంతు ఇదే" అని కూడా అనిపించింది. రెండూ ఒక్కసారే ఎలా అనిపించాయో నాకు ఈనాటికీ తెలియదు. అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశాను. మజ్జిగ సంగతి మర్చిపోయాను.

ఆయన్ని అడగకూడదని నిర్ణయించుకున్నాను. తూనీగకు చెప్పడం వరకూ ఆ నిర్ణయం బాగానే ఉంది. మర్నాడు మేమిద్దరం అరుగు మీద కూర్చుని పెద్దమ్మ పెట్టిన జంతికలు తింటుంటే, పెదనాన్న ఎదురుగా మంచం మీద ఉన్నాడు. తూనీగ జంతిక మింగకుండానే, "అంకుల్, మీ గొంతు మా దెయ్యానికిస్తారా?" అంది.

పెద్దమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "ఏందమ్మాయ్ నువ్వు అంటున్నది? కీర్తనలు పాడిన నోరే అది. ఆ నోటితో దెయ్యం కూతలు కూయమంటావా? ఏమే, నువ్వన్నా చెప్పొద్దా దానికి?" అని నా మీదికి వచ్చింది. "నువ్వే నేర్పి తీసుకొచ్చుంటావు. చదువులు చదివి ఇదా మీరు చేసేది? ఆయన్ని చూసి ఒకసారి నవ్వింది చాల్లేదా జనానికి?"

నేను లేవబోయాను. పెదనాన్న చప్పట్లు కొట్టాడు, గట్టిగా. పెద్దమ్మ ఆగింది. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు, బీరువా తలుపు తీసిన చప్పుడైంది. తిరిగివచ్చి మంచం మీద కుదురుగా కూర్చుని, యంత్రం దవడ కింద ఆనించుకున్నాడు. "ఏం... మాట్లాడాలి... దెయ్యం?"

ఆ పెళ్ళి తర్వాత మా అందరి ఎదుటా ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఎవరూ నవ్వలేదు. తూనీగ మాత్రం "సూపర్ అంకుల్" అంది.

రికార్డింగుకు పత్తి గది ఎంచుకున్నాం. ధర కోసం ఆగిన పత్తి గోడల నిండా పేర్చి ఉండేది. అందులో మాటకు ప్రతిధ్వని ఉండదు, బయటి ట్రాక్టరు చప్పుడు లోపలికి రాదు. (స్టూడియో అంటే అదేనని గర్వంగా చెప్పుకున్నాం. బయటికి వచ్చాక ఒళ్ళంతా అంటిన దూది చూసి మా అమ్మ ఇంకో రకం దెయ్యాలనుకుంది.) పెదనాన్న ఊపిరి రంధ్రంలోకి దూది పోకుండా మెడకు పల్చటి గుడ్డ చుట్టుకుని, పత్తి కుక్కిన బోరెం సంచి మీద కూర్చున్నాడు. మైకు పెట్టి, ఇక మూలగండి అన్నాం. ఆయన మూలగలేదు.

"వీడు... బతికున్నప్పుడు... ఏం చేసేవాడు?"

"కోల్డ్ స్టోరేజీలో కాపలా ఉండేవాడు పెదనాన్నా. పొరపాటున లోపల పెట్టి తలుపేశారు."

"పెళ్ళాం... పిల్లలు?"

నేను తూనీగ వైపు చూశాను. తూనీగ నా వైపు చూసింది. "అంత దూరం అనుకోలేదు పెదనాన్నా."

"మరి... ఎవర్ని... పిలుస్తాడు?"

మేం చెప్పేలోగా ఆయనే కళ్ళు మూసుకుని బొత్తాం నొక్కాడు. "ఊఁ" అని సన్నగా మొదలైంది. ఆ బొత్తాం మెల్లగా నొక్కితే స్వరం కిందికీ, గట్టిగా నొక్కితే పైకీ వెళ్తుంది. ఆ సంగతి ఆస్పత్రిలో చెప్పే ఉంటారు గానీ, దాన్ని బీరువాలో దాచి గేదెతో మాత్రమే మాట్లాడే మనిషికి దాన్ని పరీక్షించే అవకాశం ఎక్కడ? మూలుగు పైకి తీసుకెళ్ళబోయి ఆయన మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు తెరిచి బొటనవేలి వంక చూసుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. ఒక స్వరం నిలిచింది. ఇంకొంచెం ఒత్తాడు, పై స్వరం. వదిలాడు, కింది స్వరం. తడబడుతూ, తప్పిపోయి, మళ్ళీ వెతుక్కుని, చీకట్లో మెట్లు దిగే మనిషిలా ఆయన వేలు ఒక్కో స్వరం మీద కాలు మోపింది. మాటలు లేవు. కానీ నేను చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం విన్న కీర్తన అది. నాకు గుర్తుపట్టడానికి ఒక్క చరణం కూడా పట్టలేదు.

తూనీగకు ఆ కీర్తన తెలియదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాతో చేతి సైగలు చేస్తోంది: బాగుంది, బాగుంది గానీ భయంగా లేదు, భయం పెంచమను. అంతలో గుమ్మం దగ్గర పెద్దమ్మ. మమ్మల్ని తిట్టి ఆయన్ని తీసుకుపోవడానికే వచ్చినట్టుంది, కొంగు నడుముకు బిగించి ఉంది. అక్కడే నిలబడిపోయింది. పెదనాన్న ఆమెను చూసినా ఆపలేదు. రెండో చరణం దగ్గర వేలు జారి స్వరం తప్పింది. పెద్దమ్మ ఆ జాగాలో మాటలు అందించింది, బాగా కింది గొంతుతో, ఎప్పుడూ ఆయన వెనక పాడే పద్ధతిలోనే. ఆయన వేలు మళ్ళీ దారి పట్టింది. పాట అయ్యేవరకూ ఆయన యంత్రం గొరగొర, ఆమె మాటలు, రెండూ కలిసి నడిచాయి. నేను మైకు ఆపడం మర్చిపోయాను. ఆ రికార్డింగు ఆటకు పనికిరాలేదు. దెయ్యం వెనక ఒక ఇల్లాలు కీర్తన పాడుతుంటే ఏ కథానాయిక పారిపోతుంది?

ఆ తర్వాత విడిగా మూలుగులన్నీ ఆయన ఓపిగ్గా చేసిచ్చాడు. కానీ ఊళ్ళో సంగతి పాకింది. ఆ వారం మా చర్చి అయ్యగారు ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, మెల్లగా, "పెద్దాయన చేత ఏదో దెయ్యం వేషం వేయిస్తున్నారని విన్నానమ్మా" అన్నారు. అంతలో లోపల్నుంచి పెద్దమ్మ వచ్చింది. "దెయ్యం కాదండీ అయ్యగారూ, కాపలాదారు. పాపం, లోపల పెట్టి తలుపేశారంట. ఇంటోళ్ళని పిలుస్తున్నాడు, అంతే" అంది. పిలిచేది ఇంటివాళ్ళననే సంగతి మేం ఎక్కడా రాయలేదు. ఆ మాట వినగానే నేను పైకి వెళ్ళి రాసేశాను.

ఆ ఆదివారం పెదనాన్న వెనక వరసలో కూర్చోలేదు. రెండో వరసలో కూర్చుని, పాట మొదలవగానే యంత్రం దవడ కింద పెట్టుకున్నాడు. తలలు తిరిగాయి. గుసగుసలు లేచాయి. డోలకు వాయించే అతను చెయ్యి ఆపేశాడు. అయ్యగారు పుస్తకం మూసి, "వాయించవయ్యా, ఆయన వస్తున్నాడుగా" అన్నారు. పెదనాన్న వచ్చాడు, అందరికంటే కాస్త వెనకగా. ఇప్పటికీ అంతే. స్వరం దొరికేదాకా ఆయనకు కొంచెం సమయం పడుతుంది, ఆ కొంచెం సేపు సంఘమంతా ఆగుతుంది. కొత్తగా వచ్చిన వాళ్ళు మా ఊరివాళ్ళు పాట సాగదీస్తారని అనుకుంటారు.

మిర్చి కోతలు అయ్యేనాటికి ఆట కూడా అయింది. ఆటలు పెట్టే ఒక సైట్లో పెట్టాం, ఎక్కడెక్కడివాళ్ళో కొంతమంది ఆడారు. పాతకాలం ఆటల పద్ధతి భలే పట్టుకున్నారు, కథానాయిక వెనక్కి తిరగడానికి బాగా అవస్థ పడుతోంది అని మెచ్చుకున్నారు. కానీ దెయ్యం దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే ఫిర్యాదు. అది పిలుస్తూ వస్తుంటే పారిపోబుద్ధి కావడం లేదు, నిలబడి ఏం చెబుతుందో వినాలనిపిస్తోంది, ఇదేం భయం ఆట అని. అది చదివి నేను మంచమెక్కాను. లోకంలో అన్నిటికంటే తేలికైన పని కూడా నాకు చేతకాలేదని దుప్పటి ముసుగులో ఏడ్చాను. తూనీగ వచ్చి ఆ గొంతుకు ఇంకా కర్కశమైన చప్పుళ్ళేవో కలుపుదామంది. చాలాసేపు కలిపి చూశాం, ఎంత కలిపినా భయం పుట్టలేదు. ఆఖరికి ఓడిపోయాననుకుని, పెట్టె సర్దుకుని, బ్యాంకు కోచింగుకు గుంటూరు బస్సెక్కాను.

బ్యాంకు ఉద్యోగం రాలేదు. ఇప్పుడు తాడేపల్లిలో ఒక ఆఫీసులో, ఎవరినీ భయపెట్టని ప్రోగ్రాములు రాసుకుంటున్నాను. ఆ బస్సులో కిటికీ పక్కన ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్న పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దెయ్యం పిలిస్తే జనం ఆగి విన్నారని కుమిలిపోయిన పిల్ల. దాని పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది గానీ, ఆ వయసులో అది ఎవరి మాట విన్నది గనక!