బొద్దమ్మ కొమ్మ

మొన్న పొద్దున్నే నాతో చదువుకున్న ఆమె ఫోన్ చేసి, మన బాటనీ సారు పోయారని చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. ఇంతకన్నా మంచి చావు ఏముంటుందని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

అరవైల చివర మేము యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు సారు తార్నాకలో ఉండేవారు. క్యాంపస్‌కు నడిచే వచ్చేవారు. దారిలో ఎవరింటి గోడ మీద కొత్త మొక్క కనిపించినా అడిగి ఒక ముక్క తెచ్చుకునేవారు. అడగకుండానే తెంపుతారని లాలాపేట్‌లో ఒకావిడ అనేది. ఆ సంగతి నాకు తెలియదు.

ఆయన వరండాలో దళసరి ఆకుల మొక్క ఒకటి ఉండేది. ఆయన భార్య గోల్నాకలోని పుట్టింటి నుంచి తెచ్చి పెంచినది. నేను చేరేనాటికే ఆమె లేరు. దాని శాస్త్రీయ నామం పరీక్షలో మా చేత రాయించే మనిషి, ఇంట్లో మాత్రం ఆమె పెట్టిన పేరుతోనే పిలిచేవారు. బొద్దమ్మ అని.

అడిగిన వాళ్ళందరికీ బ్లేడుతో ఒక కొమ్మ కోసి ఇచ్చేవారు. కోసిన కొమ్మను వెంటనే నాటకూడదు. నీడలో పెట్టి గాయం ఆరనివ్వాలి, ఆ తర్వాత ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, నీళ్ళ సంగతి మరిచిపోవాలి. మాది వ్యవసాయం చేసే ఇల్లు. నాటిన దానికి నీళ్ళు పోయవద్దంటే నా ప్రాణం ఒప్పుతుందా? మొదటి కొమ్మ కుళ్ళింది. రెండోదీ కుళ్ళింది. ఆయన విసుక్కోలేదు.

"బిడ్డా, దాని కడుపులనే నీళ్ళున్నయి. మళ్ళ నువ్వు తాపితే అదేం జేస్తది పాపం?" అని మూడోది కోసి ఇచ్చారు.

ఇట్లా పంచితే మీకేం మిగులుతుంది సార్ అన్నాను. "ఒక్కింట్ల ఉన్న మొక్క ఒక్క వానకు పోతది. నాలుగిండ్లల్ల ఉంటే యాడనో ఒకతాన బతుకుతది" అన్నారు. అంత ఓపికగా చెప్పే మనిషిని మళ్ళీ చూడలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం గొడవలకు కాలేజీలు మూతపడ్డాయి. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పాలపొడి డబ్బాలో నాటిన ఆ మూడో కొమ్మను గది కిటికీ లోపలివైపు వదిలి, తాళం వేసి ఊరికి పోయాను. మళ్ళీ తెరిచేసరికి వానలు దంచుతున్నాయి. మొదటి రోజే సారు నన్ను ఆపి, కొమ్మ ఉందా అని మొహమాటంగా అడిగారు. వానకు బొద్దమ్మ మొదలంటా కుళ్ళిపోయిందట. మల్కాజ్‌గిరి దాకా, ఇచ్చిన ప్రతి ఇంటికీ పోయి అడిగారట. అందరూ ప్రేమగానే చూసుకున్నారు, అంటే రోజూ నీళ్ళు పోశారు. ఒక్కటీ బతకలేదు.

నాది బతికింది. ఆకులు ముడతలు పడి, దుమ్ము కొట్టుకుని, చూడబుద్ధి కాకుండా ఉన్నా బతికే ఉంది. డబ్బా పట్టుకుని తార్నాకకు పోయి, ఇన్ని నెలలూ చుక్క నీళ్ళు పోయలేదు సార్ అని చెప్పాను.

"క్లాసుల ఫస్టొచ్చినోళ్ళంత ముంచిన్రు. నువ్వు గెలిచినవ్" అని నవ్వారు. బ్లేడు తీశారు. కొమ్మ మీద పెట్టి అట్లాగే ఆగిపోయారు. మాకందరికీ కోయడం నేర్పిన మనిషి, బ్లేడు నా చేతిలో పెట్టారు.

"నువ్వే కొయ్యి బిడ్డా" అన్నారు.

డబ్బా మొత్తం ఉంచుకోమన్నాను. వినలేదు. ఒకటి నా దగ్గర ఉండాల్సిందేనట. వంకరగానే అయినా కోసి ఇచ్చాను.

వరండాలో రెండు కుర్చీలుండేవి, ఒకటి సారుది, ఒకటి పోయిన ఆయన భార్యది. ఆమె కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు, మేమంతా మెట్ల మీదే. సారు ఆ కుర్చీలో కాగితం పరిచి, కొమ్మను ఆరబెట్టి, తను ఎదురుగా కూర్చున్నారు. నేను గేటు దాటేసరికి వాన మొదలైంది. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన లేచి, జల్లు తగలకుండా ఆమె కుర్చీని మెల్లగా గోడవైపు జరుపుతున్నారు.