శభాష్ మామా, ఇంకా జర

ఆ రోజుల్లో తెల్లకోటు తొడుక్కుంటే తెలివి దానంతటదే వస్తుందనుకునేవాణ్ణి. (కోటు అక్క కొనిచ్చింది. భుజాల దగ్గర వదులుగా వేలాడేది. తెలివి సంగతీ అంతే.) కరీంనగర్‌లో ఒక చెవి డాక్టరమ్మ దగ్గర పరీక్షలు చేసే పని దొరికింది. చెవిలో పొద్దస్తమానం కీచురాయి అరుస్తున్నట్టు మోత వినిపించేవాళ్లు వచ్చేవారు. ఆ జబ్బును టిన్నిటస్ అంటారు. వాళ్లలో కొందరికి బయటి చప్పుళ్లు కూడా పడవు. ఎంత చప్పుడు దాకా తట్టుకోగలరో కొలవడం నా పని. హెడ్‌ఫోన్లు పెట్టి అద్దం గదిలో కూర్చోబెట్టి, ఇవతలి నుంచి శబ్దం మెల్లమెల్లగా పెంచాలి. ఇబ్బంది మొదలవగానే వాళ్లు చెయ్యెత్తాలి, నేను ఆపెయ్యాలి. ఇంత సులువైన పనిని చెడగొట్టడానికి ప్రత్యేకమైన ప్రతిభ కావాలి. నాకది ఉండేది.

ఒకరోజు నస్పూర్ నుంచి వచ్చిన బొగ్గుబాయి కార్మికుడు ఎంతసేపటికీ చెయ్యెత్తకపోతే, శభాష్ కాకా అన్నాను. ఆయన మీసం దువ్వుకుంటూ బయటికి పోయి బెంచీ మీదివాళ్లందరికీ ఆ మాట చెప్పాడు. అంతే, పరీక్ష కాస్తా పందెమైంది. తర్వాత లోపలికొచ్చిన సిరిసిల్ల మరమగ్గాల మనిషి కూర్చోకముందే అడిగాడు:

"గా బాయి ఆయన ఎంతదాంక ఓర్సుకున్నడు సారూ?"

బుద్ధి ఉన్నవాడైతే ఇది పందెం కాదని చెప్పేవాడు. నేను, "నీతోని కాదు తియ్ మామా" అన్నాను.

అద్దం అవతల ఆయన సూది పొడిపించుకునేవాడిలా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. నేను శబ్దం పెంచాను. దవడలు బిగిశాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. (పౌరుషం అనుకున్నాను.) "శభాష్ మామా, ఇంకా జర" అంటూ ఇంతకు మించొద్దని డాక్టరమ్మ గీసిన హద్దు దాకా తీసుకెళ్లాను. చెయ్యి లేవలేదు. చప్పుళ్లతో ఈయనకు బాధేమీ లేదని రాసేసి, ఇక మగ్గం పనికి పోవచ్చని బయట కూర్చున్న ఆయన భార్యకు శుభవార్తలా చెప్పాను.

ఆమె సంతోషించలేదు. మొగుడి వైపు చూసింది.

"ఓర్సుకున్నడా? ఇంట్ల గిన్నె సప్పుడైతే బువ్వ ముందటికెల్లి లేసి పోతడు. గాజుల సప్పుడు సుత పడ్తలేదంటే తీసి పెట్టిన. నా ఒట్టి చేతులు సూశి మా అత్త ఏడ్సింది సారూ."

అప్పుడు చూశాను. ఆమె మణికట్లకు దారం తప్ప ఏమీ లేదు. ఆయన తల వంచుకున్నాడు. "నాతోని కాదని నువ్వే అంటివి గద సారూ" అన్నాడు, నన్నేమీ అననట్టే.

బెంచీ మీద కూర్చున్న బాయి కాకా మీసం మీంచి చెయ్యి తీసేసి, నా దగ్గరికొచ్చి గుసగుసగా, "నాది సుత మల్ల సూడు బిడ్డా" అన్నాడు.

డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పక తప్పలేదు. చెవులు కొలవమంటే కుస్తీలు పెట్టినవా అంది. ఇంకా చాలానే అంది, అన్నీ నిజాలే. మళ్లీ పరీక్ష చేసినప్పుడు మామ పక్కన ఆయన భార్యను కూర్చోబెట్టాను. పక్కింట్లో రేడియో మోగినంత శబ్దానికే చెయ్యి లేచింది. డాక్టరమ్మ ఆయన్ని మగ్గానికి దూరంగా ఉండమని చెప్పి, చిన్నచిన్న చప్పుళ్లతో చెవికి మెల్లగా అలవాటు చేసే వైద్యం మొదలుపెట్టింది. కొన్ని నెలల తర్వాత ఇద్దరూ వచ్చినప్పుడు ఆయన భార్య చేతులకు గాజులున్నాయి. ఒకదానికొకటి తగిలి మోగకుండా నూలు చుట్టి ఉంది. చుట్టింది ఆయనేనట. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

మొన్నీమధ్య నా చెవిలోనూ మోత మొదలైతే పరీక్షకు పోయాను. మా చెల్లెలి బిడ్డ వయసున్న అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టి, "ఇబ్బంది కాంగనే చెయ్యెత్తుర్రి సార్" అంది. శబ్దం పెరిగింది. ఇబ్బందీ మొదలైంది. నా చెయ్యి మాత్రం మోకాలు వదల్లేదు. అద్దం అవతలి నుంచి ఆ పిల్ల శభాష్ అంటుందేమోనని ఎదురుచూస్తున్నానని తెలిసి నవ్వొచ్చింది.

చెయ్యెత్తాను, కొంచెం ఆలస్యంగానే.