బ్లేడుతో కోసిన పేజీలు నేర్పిన బౌలింగు

మొన్న మడికొండలో మా అమ్మాయి వాళ్ళ కొత్త ఫ్లాటులో టీవీ చూస్తుంటే, ఎవరో కుర్ర ఫాస్ట్ బౌలరు బంతి వదలడాన్ని నెమ్మదిగా, ముందు నుంచి, పక్క నుంచి, చివరికి పైనుంచి కూడా తిప్పి తిప్పి చూపించారు. కాలు ఎక్కడ పడిందో, మణికట్టు ఎప్పుడు తిరిగిందో అంతా విడమరిచి కనబడుతుంటే నేను సోఫాలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. మోకాళ్ళు వద్దంటున్నా భుజం ఊరుకుంటేగా! మన రోజుల్లో ఇలా చూపించేవాళ్ళెవరు? నాకు బౌలింగు నేర్పింది హన్మకొండ గ్రంథాలయంలోని ఒక పాత ఇంగ్లీషు పుస్తకం.

ఆ సంగతి చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే. కాలేజీ మెట్లెక్కని నేను నిఘంటువు పక్కన పెట్టుకొని ఆ పుస్తకాన్ని వాక్యం వాక్యంగా చదివాను. అందులో పరుగు మొదలుకొని బంతి వదిలేదాకా వరుసగా ఫొటోలుండేవి. అయితే బొమ్మల మీద మోజుపడ్డ మహానుభావుడెవరో, అటువంటి పుస్తకాలు మీరూ చూసే ఉంటారు, సరిగ్గా మధ్య పేజీలను బ్లేడుతో కోసుకుపోయాడు. పరుగెత్తే బొమ్మలున్నాయి, బంతి వదిలేశాక నిలబడ్డ బొమ్మ ఉంది, మధ్యలో ఏం జరుగుతుందో లేదు. అక్కడ నేనే ఒక దూకుడు కల్పించుకున్నాను. కుడిచేత్తో వేసేవాడు ఎడమకాలు ముందు మోపి బంతి వదలాలని నాకేం తెలుసు? నేను కుడికాలి మీద దిగుతూనే వదిలేసేవాణ్ణి. మా కాశిబుగ్గ కుర్రాళ్ళు ఆ బంతులకే ఔటయ్యేవారు కనుక తప్పన్నవాళ్ళు లేరు. మా మేనమామ మాత్రం "ఏందిరా అల్లుడా, కప్ప లెక్క దుంకుతానవ్?" అని ఆటపట్టించేవాడు.

అలాంటి రోజుల్లో సికింద్రాబాదులో ఒక బ్యాంకు తన జట్టు కోసం బౌలర్లను చూస్తోందని తెలిసింది. ఎంపికైతే ఉద్యోగమూ వాళ్ళదే, రోజూ క్రికెట్టే! మాది బియ్యం దుకాణం. మా నాన్న "ఈ ఒక్కసారి పోయి రా. కాకపోతే మల్ల బాల్ ముట్టద్దు, దుకాణంల కూసో" అని తేల్చేశాడు.

తీరా మైదానంలో నా మొదటి బంతికే నవ్వులు. టోపీ పెట్టుకున్న పెద్దాయన, ఎంపిక చేసేది ఆయనే, "ఎవరు నేర్పిండ్రయ్యా నీకు గిది?" అని అడిగితే "పుస్తకం సార్" అన్నాను. నవ్వులు రెట్టింపయ్యాయి. అప్పుడు చూశాను, మిగతా బౌలర్లంతా ఎడమకాలి మీద దిగుతున్నారు! వాళ్ళలాగే ఒకటి వేయబోతే అది వికెట్ కీపర్ తల మీదుగా పోయింది. దుకాణంలోని తూకం రాళ్ళు కళ్ళముందు కనబడ్డాయి. ఏదైతే అదయిందని మళ్ళీ నా కప్ప దూకుడే దూకాను.

మధ్య స్టంపు ఎగిరి పడింది!

బ్యాట్స్‌మన్ ఇంకా బ్యాటు ఎత్తనే లేదు. "ఇంక ఉరుకుతాండనుకున్న సార్! బాల్ ఎప్పుడిడిచిండు?" అన్నాడు బిక్కమొహంతో. తర్వాత వచ్చినవాడిదీ అదే కథ. పెద్దాయన నవ్వలేదు. నా కాళ్ళనే చాలాసేపు చూసి, "ఈ పిలగాని కాలు జోలికి ఎవ్వరు పోవద్దు. సరిచేసిన్రనుకో, అందరసొంటోడే అయితడు" అని పక్కవాళ్ళతో చెప్పి, ఒకటో తారీఖు నుంచి పనిలో చేరమన్నాడు.

సాయంత్రం రైలెక్కాను. ఇంట్లో ఫోను లేదు; ఆ కబురు వరంగల్ చేరాలంటే నేను చేరాల్సిందే. పెట్టె నిండా మనుషులు, ఒక్కరికీ తెలియదు! జనగామ దాటాక ఆగలేక పక్కనున్న పెద్దమ్మకు చెప్పేశాను. క్రికెట్టంటే ఏమిటో ఆమెకు తెలియదు. "నౌకరి దొరికిందా కొడుకా, మీ అమ్మ ఎంత సంబురపడ్తదో" అంటూ నా తల నిమిరింది.

ఈ రోజుల్లోనైతే నేను బూట్లు విప్పేలోపే మా నాన్న ఫోనులో తెలిసిపోయేది. మంచిదే, ఎదురుచూపులు తప్పాయి. కానీ స్టేషన్లో రిక్షావాళ్ళు పిలుస్తున్నా ఎక్కకుండా, ఆ సంతోషం ఇంకాస్త సేపు నా ఒక్కడి దగ్గరే ఉండాలని కాశిబుగ్గ దాకా కావాలని నెమ్మదిగా నడిచాను చూడండి, ఆ నడక ఇప్పటి పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది?